కెంటకీ డెర్బీ తొలి రౌతులు

మే నెల మొదటి శనివారం. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరం. చర్చిల్ డౌన్స్ మైదానంలో మూడేళ్ల గుర్రాలు ఒకటింబావు మైళ్లు పరుగెత్తుతాయి. రెండు నిమిషాల్లో పందెం తేలిపోతుంది. గెలిచిన గుర్రానికి ఎర్రగులాబీల దండ.

ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీ చూసొచ్చిన మెరివెదర్ లూయిస్ క్లార్క్‌కు అలాంటి పందెం తన ఊళ్లోనూ జరపాలనిపించింది. మేనమామలు జాన్, హెన్రీ చర్చిల్ స్థలమిచ్చారు. వాళ్ల ఇంటిపేరే మైదానానికి నిలిచిపోయింది. 1875 మే 17న తొలి పందెంలో దిగిన గుర్రాలు 15. వాటిలో 13 గుర్రాల మీద కూర్చున్నది నల్లజాతి రౌతులే. గెలిచిన ఆరిస్టైడీస్‌ను నడిపినవాడు ఆలివర్ లూయిస్. దానికి తర్ఫీదిచ్చిన ఆన్సెల్ విలియమ్సన్ బానిసగా పుట్టినవాడు.

ఇందులో వింతేమీ లేదు. అక్కడి దొరల గుర్రపుశాలల్లో మేత వేసిందీ, మాలిష్ చేసిందీ, పిల్లగుర్రాలకు కళ్లెం అలవాటు చేసిందీ తరతరాలుగా బానిసలే. అంతర్యుద్ధం ముగిశాక ఆ విద్యే వాళ్లకు బతుకుతెరువైంది. మొదటి 28 డెర్బీల్లో 15 వాళ్లే గెలిచారు. ఐజాక్ మర్ఫీ ఒక్కడే 1884, 1890, 1891లలో గెలిచాడు.

డబ్బూ పేరూ పెరిగాక తెల్లరౌతుల కన్ను పడింది. పరుగు మధ్యలో నల్లరౌతును కంచెకేసి నెట్టేవారు. యజమానులు గుర్రాలివ్వడం మానేశారు. 1901, 1902లలో వరసగా గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ రష్యా వెళ్లిపోయాడు. విప్లవం ముంచుకొచ్చాక, 1919లో, ఒడెస్సా నుంచి వార్సా దాకా రెండు వందలకు పైగా పందెపు గుర్రాలను తోలుకెళ్లినవాళ్లలో అతనూ ఉన్నాడు. ఆపైన ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 1961లో డెర్బీ విందుకు పిలుపొస్తే కూతురిని వెంటబెట్టుకుని లూయీవిల్ వచ్చాడు. ఎనభై ఏళ్ల ముసలాయన. హోటలు గుమ్మంలో కాపలావాడు అడ్డం నిలిచాడు, నల్లవాళ్లు ముందు తలుపు నుంచి రాకూడదని. అదే ఊళ్లో రెండుసార్లు డెర్బీ గెలిచిన మనిషిని! ఈ గుమ్మం దగ్గరికొచ్చేసరికి నాకు చరిత్ర ముందుకు కదలదు.

మైదానానికి గుర్తుగా నిలిచిన జంట గోపురాలు 1895లో లేచాయి. 1915లో రిగ్రెట్ గెలిచిన తొలి ఆడగుర్రమైంది. 1973లో సెక్రటేరియట్ ప్రతి పావు మైలుకూ వేగం పెంచుకుంటూ 1 నిమిషం 59.4 సెకన్లలో గీత దాటింది. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది.

1921 తర్వాత డెర్బీలో మళ్లీ ఒక నల్లరౌతు కనబడింది 2000లోనే. పేరు మార్లన్ సెయింట్ జూలియన్. ఏడో స్థానంలో వచ్చాడు.