పారాగడ్డీ పద్దెనిమిది దేశాలూ

2002 నవంబర్. రంజాన్ మొదలై వారం అవుతోంది. హైదరాబాద్ పాతబస్తీలో సహరీ ముగిసి జనం ఫజర్ నమాజుకు కదిలే వేళకే, చాదర్‌ఘాట్ దిగువన మూసీ నది ఒడ్డున కొడవళ్లు ఆడుతున్నాయి. కోస్తున్నది పారాగడ్డి. దానికి విత్తనం అక్కర్లేదు. కణుపు గుచ్చితే చాలు, కోసినకొద్దీ ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. కావలసిందల్లా ఎడతెగని నీరు. ఆ ఏడు దేశంలో చాలాచోట్ల కరవు. మూసీలో మాత్రం నీటికి కొదవ లేదు, నగరం తన మోరీలన్నీ అందులోకే వదులుతోంది కనుక.

మోపులు పాతబస్తీ బర్రెల కొట్టాల దగ్గర దిగాయి. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ బేరాలు వినే చెవులకు మాత్రం ఇవేమీ కొత్త మాటలు కావు.

"మోపు చిన్నగైందేందన్నా?"

"రంజాన్ల గిరాకీ మీ పాలకేనా భాయ్? మా గడ్డికి లేదా?"

"మోరీ నీళ్ల గడ్డికి గింత ధరనా?"

"ఆ మోరీ మీ గల్లీదే గద!"

నిజమే. పాతబస్తీ మురుగు మూసీలోకి, మూసీ నీరు గడ్డిలోకి, గడ్డి బర్రెల్లోకి, పాలు ఇఫ్తార్ తర్వాతి చాయ్‌లోకి. సర్క్యులర్ ఎకానమీ అని ఇప్పుడు ప్రపంచం సదస్సులు పెట్టి నేర్చుకుంటున్నది ఇక్కడ ఎవరి అనుమతీ లేకుండా, బతుకుతెరువు కోసం నడుస్తోంది. అనుమతి లేకపోవడమే చిక్కు. మురుగుతో సాగు ఉందని ఒప్పుకుంటే బాధ్యత మీద పడుతుంది, నిషేధిస్తే వేల కుటుంబాల పొయ్యి ఆరుతుంది. అందుకే ప్రభుత్వాలు చాలాచోట్ల మూడో దారి పట్టాయి: చూడనట్టు ఉండటం.

సరిగ్గా ఆ వారమే, నవంబర్ 11 నుంచి 14 వరకు, ఇదే నగరంలో కొందరు చూద్దామని కూర్చున్నారు. కొలంబో కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ, కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం కలిసి పిలిచిన సమావేశం అది. 27 సంస్థల ప్రతినిధులు 18 దేశాల అనుభవాన్ని బల్లమీద పెట్టారు. హైదరాబాద్‌ను వాళ్లు వేదికగా మాత్రమే ఎంచుకోలేదు. మూసీ వెంట గడ్డి, ఆకుకూరలు, ఇంకా దిగువన వరి ఎలా పండుతున్నాయో ఆ నీటి సంస్థ పరిశోధకులు అప్పటికే ఊరూరా తిరిగి చూస్తున్నారు.

14వ తేదీన వెలువడింది 'హైదరాబాద్ ప్రకటన'. చిన్న పత్రమే. మురుగునీరు కూడా వనరే అంది. సరిగా వాడుకుంటే తిండికీ ఉపాధికీ ఆసరా అని, పట్టించుకోకపోతే ఆరోగ్యానికి ముప్పు అని, కాబట్టి ఉన్న వాస్తవాన్ని ఎదుర్కొని విధానాలు రాయాలని, వాటికి డబ్బూ కేటాయించాలని కోరింది. దేశాల మధ్య సహకారమంటే యంత్రాలూ అప్పులూ అనుకునే కాలంలో, ముందు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుందాం అన్న సహకారం ఇది. నా దృష్టిలో యంత్రాలు ఇవ్వడం కన్నా ఇదే కష్టం.

ఒప్పుకున్నాక చేదు నిజాలు కూడా బయటికొచ్చాయి. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు మూసీ సాగుదారుల కుటుంబాలను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి కాని నీటిలో పనిచేసే ఇళ్లలో కొంకిపురుగు బెడద ఎక్కువ. బురదలో ఒట్టికాళ్లతో దిగితే అది చర్మంలోంచే ఒంట్లోకి చేరుతుంది. పాలు చాయ్‌లోకి వెళ్తే పురుగు కోసేవాడి కాళ్లలోకి వెళ్లింది. లాభం, రోగం ఒకే ఇంటికి చేరలేదన్నమాట.

ఆ పరిశోధకులే మరో ముచ్చట కూడా తేల్చారు. దిగువన సాగుకోసం కట్టుకున్న కత్వాల వెనుక నీరు నిలబడి, మడ్డి అడుగుకు దిగి, కిలోమీటర్లు గడిచేకొద్దీ నది తేటపడుతోంది. మురుగు శుద్ధి కేంద్రం చేయాల్సిన పనిని పాత రాతికట్టలు జీతం లేకుండా చేస్తున్నాయి.

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మురుగునీటి సాగుపై కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. శుద్ధి ఒక్కదాని మీదే ఆధారపడకుండా పొలం నుంచి వంటింటి దాకా అంచెలంచెలుగా అడ్డుకట్టలు వేయమంది. తర్వాత హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం వచ్చింది. 2021లో మరో 31 కేంద్రాలకు రూ.3,866 కోట్లు మంజూరయ్యాయి.

ఒకప్పుడు 18 దేశాల అనుభవం మూసీ దగ్గరికి వచ్చింది. 2024లో తెలంగాణ మంత్రులు, అధికారులు మూసీ కోసం సియోల్ వెళ్లి, ఆ నగరం తిరిగి బతికించుకున్న చెయాంగ్యెచియాన్ వాగును చూసొచ్చారు. తిరిగొచ్చాక నడక దారుల గురించీ, ఒడ్డున రాబోయే అందాల గురించీ చాలా విన్నాం. శుద్ధి చేసిన నీటిలో గడ్డి రైతు వాటా ఎంత అన్న లెక్క మాత్రం ఆ మాటల్లో నాకు వినిపించలేదు. పాతబస్తీలో బర్రెలు ఇంకా ఉన్నాయి, చాయ్ గిరాకీ తగ్గలేదు.