కల్లు (ఉద్దానం తీరం)

ఉత్తరాంధ్రలో తాటి, ఈత చెట్ల నుంచి గీసే పానీయం. ఉద్దానానికి కొబ్బరి, జీడి తోటలే పేరు తెచ్చినా కల్లు సంగతి వచ్చేసరికి తాటిచెట్టుదే పెద్దరికం. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి, గెల కొసను రోజూ పలచగా చెక్కి లొట్టి కడతాడు. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియదు, అది నీరా. పూయకపోతే ఈస్టు చేరి కొద్ది గంటల్లోనే నురగ లేపుతుంది. తెల్లవారి దించింది తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. సీసాకెక్కి దేశాలు తిరిగే జపాన్ బియ్యపు మద్యం సాకేలాగా ఇది చెట్టు దాటి దూరం పోలేదు. సాకేలో ఆల్కహాలు సుమారు 15 శాతం, కల్లులో 5 శాతం అటూఇటూ. కల్లు పాకలో దీనికి కాల్చిన ఎండుచేప, కారం చల్లిన శనగలు నంజుకుంటారు. పలాస జీడిపప్పు పక్కనే పండుతున్నా కల్లు దగ్గరికి రావడం అరుదు, ధర అలాంటిది మరి.