ఉప్పు డబ్బాలో యుద్ధం

వంటింట్లో ఉప్పు డబ్బా ఉందే, ఒకప్పటి ఇల్లాళ్లు అందులోంచే యుద్ధం ఖర్చు కట్టారంటే నమ్ముతారా?

1914 ప్రపంచయుద్ధానికి మనవాళ్లు 10 లక్షలకు పైగా సముద్రాలు దాటి వెళ్లారు. 74 వేలమంది తిరిగి రాలేదు. అది చాలక 1917లో మన ఖజానా బ్రిటనుకు 10 కోట్ల పౌన్లు ‘కానుక’ ఇచ్చింది! మనల్ని అడిగిందెవరు లెండి.

మణుగు ఉప్పుకి, అంటే సుమారు 37 కిలోలకి, రూపాయి ఉన్న పన్ను 1916లో రూపాయి పావలా అయింది. యుద్ధం ముగిసి అయిదేళ్లయ్యాక, 1923లో, లోటు పూడ్చాలంటూ, శాసనసభ కాదన్నా వినక, వైస్రాయి రీడింగు దాన్ని రెండున్నర చేశాడు. మరుసటేడు తగ్గించారనుకోండి.

మన నెల్లూరు తీరాన ఇస్కపల్లి వైపు ఉప్పు కొటార్లు చూసే ఉంటారు. ఎదురుగా సముద్రం, అయినా గుప్పెడు ఉప్పు సొంతంగా చేసుకుంటే నేరం! కలిగినవారి పప్పులోకి ఎంత ఉప్పో, కూలితల్లి గంజిలోకీ అంతే. ఎండలో చెమటోడ్చే ఆవిడకి ఇంకాస్త ఎక్కువే కావాలి కదండీ.