ముఖం మారిన పాత్ర: ‘డాక్టర్ హూ’లో నటుని మార్పు – కథాసమర్థన

కాంట్రాక్టు నాటకాల కాలంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగస్థలం మీదికి రావడం తెలుగు ప్రేక్షకులకు సుపరిచితం. పడకసీనులో ఒకరు, రాయబారంలో మరొకరు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు వేరొక నటుడు ప్రవేశించడమూ ఉన్నదే. గొంతు, వయస్సు, ఒడ్డూ పొడుగూ మారినా అందుకు కథలో కారణం కల్పించవలసిన అవసరం కలుగలేదు. ప్రేక్షకుడు పోల్చి చూసుకొన్నది ఎవరు పద్యం ఎలా ఎత్తుకొన్నారన్నదే. చలనచిత్రం కూడా ఈ సౌలభ్యాన్ని వారసత్వంగా పొందింది. ‘మాయాబజార్’ (1957)లో కృష్ణుడైన ఎన్.టి. రామారావు ‘నర్తనశాల’ (1963)లో అర్జునుడు. అక్కడ కృష్ణపాత్రధారి కాంతారావు. పాత్ర నటునికంటే ముందే ఉన్నది. నటుడు వేషం కట్టేవాడు మాత్రమే.

పురాణేతిహాసాల అండ లేక, ఒక నటుని దేహంతోపాటే పుట్టిన పాత్ర విషయంలో ఏమి జరుగుతుంది? బ్రిటన్‌లో బీబీసీ 1963 నవంబరు 23న ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ ధారావాహిక ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. కాలంలోనూ అంతరిక్షంలోనూ సంచరించే డాక్టర్ అనే వృద్ధునికి పూర్వకథ గాని, ప్రేక్షకుడు ముందుగా ఎరిగిన రూపం గాని లేదు. విలియం హార్ట్‌నెల్ ముఖమే ఆ పాత్ర. మూడేండ్లలో ఆయన ఆరోగ్యం క్షీణించింది. నాయకుడు తప్పుకొంటే ధారావాహిక ముగియాలి, లేదా నాయకుడే మరొకడు కావాలి. 1966 అక్టోబరు 29న ప్రసారమైన ‘ది టెన్త్ ప్లానెట్’ చివరి భాగంలో డాక్టర్ నేలకొరిగి, ప్రేక్షకుల కళ్ళెదుటే పాట్రిక్ ట్రౌటన్ ముఖం దాల్చాడు.

ఈ రూపాంతరంకంటే దాని తరువాతి వారం మొదలైన ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఎక్కువ పరిశీలించదగినది. రచయితలు అనుమానాన్ని దాచలేదు, కథలోకే తెచ్చారు. సహచరులలో పాలీ కొత్త మనిషిని డాక్టర్‌గా నమ్ముతుంది, బెన్ నమ్మడు. కొత్తవాడు సైతం పాత డాక్టర్‌ను ప్రథమపురుషలో ప్రస్తావిస్తూ సందేహాన్ని పెంచుతాడు. పాత ఉంగరం అతని వేలికి సరిపోదు. శాకుంతలంలోనూ, సుందరకాండలోనూ ఉంగరం గుర్తింపును సాధించే ఆనవాలు. ఇక్కడ అదే ఆనవాలు ఓడిపోతుంది. చివరకు అతనిని గుర్తుపట్టేది చిరకాల శత్రువైన డాలెక్. ముఖంతో నిమిత్తం లేకుండా పాత్రను నిలబెట్టేది దాని వైరమేనన్న ఈ కల్పన రచయితల నేర్పుకు నిదర్శనం. ఇంట్లో కూర్చొని చూస్తున్న ప్రేక్షకుని సంశయానికి బెన్ ప్రతినిధి. అతడు సమాధానపడిన క్రమంలోనే ప్రేక్షకుడూ సమాధానపడాలి.

శాస్త్రం మాత్రం తరువాత వచ్చింది. 1966లో ఈ మార్పు కేవలం ‘నవీకరణ’. అది కాలనౌక ప్రభావమని సూచన. 1969లో ‘ది వార్ గేమ్స్’లో అది డాక్టర్ స్వజాతీయులు విధించిన శిక్షలో భాగం. దానికి ‘రీజెనరేషన్’ అన్న పేరు 1974లో గాని రాలేదు. పన్నెండు మార్పులకు మించరాదన్న నియమం 1976 నాటిది. ఆ గడువు తీరినప్పుడు, 2013లో, కొత్త విడత వరంగా లభించింది. వరానికి గడువు పెట్టడం, గడువు తీరితే మరొక వరం ఇప్పించడం పురాణపాఠకునికి కొత్త కాదు.

ప్రతి ధారావాహికా ఈ శ్రమ పడలేదన్న మాట నిజమే. అమెరికాలో ‘బివిచ్‌డ్’ అనే హాస్య ధారావాహికలో 1969లో డిక్ యార్క్ స్థానంలో డిక్ సార్జెంట్ భర్త పాత్రలోకి వచ్చినప్పుడు కథ నోరు మెదపలేదు. మంత్రగత్తె నాయికగా గల కథలో సమర్థన ఎంతో సులభం; అయినా చేయలేదు. అయితే అక్కడ కథకు కేంద్రం భార్య. భర్త ఒక నియత స్థానం, ఏ వారానికా వారం కథ మొదటికి వచ్చే చట్రంలో ఒక వరుస. డాక్టర్ విషయంలో అలాంటి ఆసరా ఏదీ లేదు.

అందువల్లనే 1983 నాటి ఇరవయ్యో వార్షికోత్సవ కథ ‘ది ఫైవ్ డాక్టర్స్’ ఆసక్తికరం. హార్ట్‌నెల్ 1975లోనే మరణించారు. తొలి డాక్టర్‌గా రిచర్డ్ హర్న్‌డాల్ నటించారు. ముఖం మారితే కారణం చెప్పాలన్న కట్టుబాటును నెలకొల్పిన ధారావాహికే ఈ మార్పుకు ఏ కారణమూ చెప్పలేదు. పైగా కథారంభంలో హార్ట్‌నెల్ పాత దృశ్యాన్నే చూపి, కొద్దిసేపట్లో అదే మనిషిగా మరొక ముఖాన్ని నిలిపింది. తెల్లని జుట్టు, పొడవాటి కోటు, చిరచిరలాడే మాటతీరు చాలునని భావించింది. ఇరవై ఏండ్లలో తొలి డాక్టర్ కృష్ణునివలె వేషం కట్టదగిన పాత్ర అయ్యాడు.

2017 డిసెంబరు 25న ప్రసారమైన కథలో ఆ వేషం డేవిడ్ బ్రాడ్లీకి దక్కింది. 2013లో ఆ ధారావాహిక పుట్టుకను చిత్రించిన నాటకంలో హార్ట్‌నెల్‌గా నటించినవారూ ఆయనే. 1966 నాటి నలుపు తెలుపు దృశ్యంలో మాట్లాడుతున్న హార్ట్‌నెల్ ముఖం, కోత లేకుండా, రంగులలో బ్రాడ్లీ ముఖంగా కరిగిపోతుంది. పాత్రలలో ఎవరూ దానిని గమనించరు.