మహిళల హాకీ ముందు వరుసలో వంతుల చరిత్ర

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించిన గనుల వల్ల పేరొందిన నందిని, మధ్యభారతపు హాకీ నేలలో భాగం. భారత మహిళల జట్టుకు సారథ్యం వహించిన ఫార్వర్డ్ సబా అంజుమ్ పుట్టింది ఈ జిల్లా కేంద్రమైన దుర్గ్‌లోనే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన రేణుకా యాదవ్‌ది సమీపంలోని రాజనాంద్‌గావ్. ఈ ప్రాంతపు ఆడపిల్లలు పేరు తెచ్చుకున్న ముందు వరుసలో ఆడే సమయాన్ని ఎవరికెంత పంచాలన్న ప్రశ్న ఎప్పుడు, ఎలా పుట్టిందన్నది హాకీ చరిత్రలో ఆసక్తికరమైన అధ్యాయం.

పాత హాకీలో ఈ ప్రశ్నకు తావే లేదు. గోలుకీపరు ముందు ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌లు, వారి ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు నిలిచే ఆ పద్ధతిలో, మైదానంలోకి దిగినవారే చివరిదాకా ఆడేవారు. గాయపడిన వారి స్థానంలో మరొకరిని దింపడానికి కూడా చాలాకాలం నిబంధనలు ఒప్పుకోలేదు. కాబట్టి డెబ్బై నిమిషాలు పరుగెత్తగల ఓపికే ఎంపికకు మొదటి కొలతయింది. వేగం ఉండి దమ్ము తక్కువైన అమ్మాయికి జట్టులో చోటు దొరకడం కష్టమయ్యేది.

ఆ స్థితిని మూడు మార్పులు తిరగరాశాయి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో పచ్చిక స్థానంలోకి వచ్చిన కృత్రిమ మైదానం బంతి వేగాన్నీ, దానితో ఆటగాళ్ల పరుగునూ పెంచింది. 1990ల ఆరంభంలో ఎంతమందినైనా, ఎన్నిసార్లైనా మార్చుకునే వీలు కలిగింది. దీన్ని రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ అంటారు, అంటే బయటికి వెళ్లిన క్రీడాకారిణి అలసట తీరాక మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దశాబ్దం చివరికి ఆఫ్‌సైడ్ నిబంధన, అంటే ప్రత్యర్థి గోలు దగ్గర ముందుగానే కాచుకుని ఉండకుండా ఆపే కట్టడి, పూర్తిగా పోయింది. దాంతో ఫార్వర్డ్‌లు మైదానం పొడవునా పరుగెత్తవలసి వచ్చి, బెంచీపై కూర్చున్నవారూ ఆటలో అసలు భాగమయ్యారు.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. నేటి అరవై నిమిషాల ఆటలో ముందు వరుసలో ముగ్గురు ఉంటే పంచవలసింది మొత్తం 180 నిమిషాలు. అయిదుగురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి 36, ఆరుగురికైతే 30 నిమిషాలు. అమెరికా కళాశాలల మహిళల ఐస్ హాకీలోనూ ఇవే 180 నిమిషాలు ఉంటాయి. అయితే అక్కడ ముగ్గురు ఫార్వర్డ్‌ల జట్టును ఒక లైన్ అంటారు, సాధారణంగా నాలుగు లైన్లు ఒక్కొక్కటి నిమిషానికి అటూఇటుగా మంచుపైకి దిగి, ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు మారినట్టు వంతులవారీగా మారుతుంటాయి. పన్నెండుమందికి సమంగా పంచితే తలా పదిహేను నిమిషాలు వస్తాయి గాని, కోచ్‌లు మొదటి లైన్‌కు ఎక్కువ, నాలుగో దానికి తక్కువ ఇవ్వడమే పరిపాటి. మైదానపు హాకీలోనూ ఇదే మొగ్గు కనిపిస్తుంది.

సబా అంజుమ్ ఆడిన కాలం ఈ మార్పుల తర్వాతిది. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల స్వర్ణం, 2004 ఆసియా కప్ గెలిచిన జట్లలో ఆమె ఉంది. అప్పటి ఆట 35 నిమిషాల రెండు అర్ధభాగాలుగా సాగేది. పదిహేను నిమిషాల నాలుగు భాగాల పద్ధతి అంతర్జాతీయ పోటీల్లోకి వచ్చింది 2014లో. నడుమ విరామాలు అంతగా లేని ఆ రెండు అర్ధభాగాల ఆటలో, ఫార్వర్డ్‌కు ఊపిరి తీసుకునే వేళను బెంచీయే కల్పించేది. కళాశాల జట్లలో, వరుస రోజుల్లో పోటీలు పడే సందర్భాల్లో, ఈ పంపకం మరింత బరువైనది: ఇరవై ఏళ్లు నిండని అమ్మాయి బెంచీపైనే ఎక్కువసేపు కూర్చుంటే ఆమె ఎదుగుదల అక్కడే నిలిచిపోతుంది. గెలుపు కోసం ఒకరిద్దరినే అదేపనిగా ఆడించడం ఈ దృష్ట్యా చాలా ఖరీదైన అలవాటు.

మార్పిడికి ఒక గట్టి హద్దూ ఉంది. పెనాల్టీ కార్నర్ ప్రకటించినప్పటి నుంచి అది ముగిసేదాకా ఎవరినీ మార్చరాదు. రక్షణ జట్టు గోలుకీపరు గాయపడితే, లేదా సస్పెండ్ అయితే మాత్రమే మినహాయింపు. అందువల్ల కార్నర్‌ను గోలుగా మలచగల డ్రాగ్‌ఫ్లికర్, అంటే బంతిని కర్రతో ఈడ్చి బలంగా విసిరే క్రీడాకారిణి, ఆ క్షణానికి బెంచీపై ఉంటే జట్టు ఆమె లేకుండానే కార్నర్ ఆడాలి.