పుట్టినరోజు కచేరీ: కానుక చేతులు మారిన కథ

పుట్టినరోజున కానుకలు పుచ్చుకోవడం లోకరీతి. ఆ రోజు పేరిట కచేరీ పెట్టి, వచ్చిన డబ్బును ఆపదలో ఉన్నవారికి ఇవ్వడం పాశ్చాత్య సంగీత లోకం అలవరచుకున్న మంచి ఆనవాయితీ. దాని వెనుక చాలా పాత చరిత్ర ఉంది.

దానం కోసం కచేరీ చేయడం పాప్ సంగీతం కన్నా ముందే పుట్టింది. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో స్వరకర్త హాండెల్ తన సంగీత రచన 'మెస్సయ్య'ను తొలిసారి వినిపించాడు. ఆ కచేరీ రాబడి రెండు ఆసుపత్రులకూ, అప్పు తీర్చలేక జైలుపాలైన వారికీ చేరాలన్నది ఏర్పాటు. హాలులో మరికొందరికి చోటు దొరకాలని, ఆడవారు గౌను కింద వెడల్పాటి వలయాలు లేకుండా, మగవారు నడుముకు కత్తులు లేకుండా రమ్మని ముందే ప్రకటించారు. ఆ డబ్బుతో 142 మంది చెర విడిపించుకున్నారని చెబుతారు.

ఈ పద్ధతిని స్టేడియం స్థాయికి తెచ్చింది మన పండిట్ రవిశంకర్ ఆవేదన. తూర్పు బెంగాల్ శరణార్థుల గోడు ఆయన చెప్పుకుంటే బీటిల్స్ బృందపు గిటారిస్టు జార్జ్ హారిసన్ కదిలాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రోజు రెండు ప్రదర్శనలు జరిగాయి. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. కానీ పన్ను మినహాయింపు ముందుగా తీసుకోకపోవడంతో రికార్డులు, సినిమా మీద వచ్చిన సొమ్ము అమెరికా పన్నుల శాఖ దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్క కూడా ముందే సరిచూసుకోవాలని తర్వాతివారికి అది పాఠమైంది.

ఇలాంటి కచేరీకి పుట్టినరోజు తోడైతే ఎంత బలం వస్తుందో 1988 జూన్ 11న లోకం చూసింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షపై పోరాడి జైలులో ఉన్న నెల్సన్ మండేలాకు ఆ జూలై 18న 70 ఏళ్లు నిండుతాయి. లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఆ వేడుకను 67 దేశాల్లో ప్రసారం చేశారు. ఆ సాయంత్రం స్టీవీ వండర్ వేదిక ఎక్కే వేళకు ఆయన వాద్యానికి కావలసిన డిస్క్ కనిపించలేదు. ఆ ఖాళీ నింపడానికి, అంతకుముందే పాడి దిగిన 24 ఏళ్ల ట్రేసీ చాప్‌మన్‌ను మళ్లీ పంపారు. వెనుక వాద్యబృందం లేదు. చేతిలో గిటారు, ఎదురుగా జనసముద్రం. ఆ ఒంటరి గొంతు ఒక్క రాత్రిలో ప్రపంచానికి పరిచయమైంది. ఇరవై నెలలకు, 1990 ఫిబ్రవరి 11న, మండేలా విడుదలయ్యాడు. కచేరీయే ఆయన్ని విడిపించిందనడం అతిశయోక్తి. కానీ వర్ణవివక్ష సంగతి కోట్ల ఇళ్లలోకి వెళ్లడానికి ఆ పుట్టినరోజు తలుపు తీసింది.

2007 జూలై 1న బ్రిటన్ యువరాణి డయానా పుట్టినరోజు పేరిట, 2008 జూన్‌లో మండేలా 90 ఏళ్ల పేరిట లండన్‌లోనే మళ్లీ కచేరీలు జరిగాయి.

నా దృష్టిలో ఈ ఆనవాయితీకి నిండుదనం తెచ్చినవాడు జానపద గాయకుడు పీట్ సీగర్. 2009 మే 3న ఆయనకు 90 ఏళ్లు. నలభై మందికి పైగా కళాకారులు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన కోసం పాడారు. ఆ రాబడి హడ్సన్ నదిని కాపాడే 'క్లియర్‌వాటర్' సంస్థకు వెళ్లింది. 1960లలో ఆ సంస్థకు పునాది వేసింది ఆయనే. నది పాడైపోయిందని జనానికి కళ్లారా చూపడానికి, కచేరీలు చేసి డబ్బు కూడబెట్టి, 1969లో ఒక తెరచాప పడవను నీటిలోకి దింపించాడు. ఆ పుట్టినరోజు జరిగిన నెలలోనే నది అడుగున పేరుకున్న విష రసాయనాల మేటను తవ్వి తీసే పని మొదలైంది.

పుట్టినరోజున అన్నదానం చేయించే మన తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. అభిమాన నటుడి పుట్టినరోజున రక్తదాన శిబిరంలో చేయి చాపి పడుకునే కుర్రాళ్లూ ఇదే దారిలో ఉన్నారు. సీగర్ నేర్పింది ఇంకొక్క అడుగు. వేడుక ఒక్కరోజుదే, దాని వెనుక నలభై ఏళ్ల పని ఉంది. అందుకే ఆ రోజు వచ్చిన ప్రతి డాలరుకూ ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసు.