మహమ్మారి రోజుల్లో ఇల్లు లేనివారికి వైద్యం: హైటెక్ సిటీ ఏం చూసింది, మనం ఏం తెలుసుకోవాలి?

‘ఇంట్లోనే ఉండండి.’ 2020 మార్చిలో ప్రభుత్వం, డాక్టర్లు, టీవీలు అందరూ చెప్పిన మాట ఇదే. మంచి మాటే. కానీ ఇల్లే లేనివాళ్ళు ఎక్కడ ఉండాలి? ఫ్లైఓవర్ కింద, స్టేషన్ బయట, మూసిన షాపు అరుగు మీద పడుకునేవాళ్ళకి జ్వరమొస్తే ఎవరు చూడాలి? కరోనా వెళ్ళిపోయినా ఈ ప్రశ్న మిగిలే ఉంది. అప్పుడు ఏం జరిగింది, మళ్ళీ అలాంటి రోజులొస్తే ఏం చేయాలి అన్నది ఒకచోట చెప్పే ప్రయత్నం ఇది.

ఇల్లు లేనివారంటే ఎవరు?

జనాభా లెక్కల్లో దీనికి స్పష్టమైన అర్థం ఉంది. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, పెద్ద సిమెంటు పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, ప్రార్థనా స్థలాల దగ్గర, ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్ళు. 2011 లెక్కల ప్రకారం దేశంలో ఇలాంటివాళ్ళు సుమారు 17.7 లక్షలు. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారు.

అందరూ భిక్షాటన చేసేవాళ్ళని అనుకుంటే పొరపాటు. అడ్డా కూలీలు, చెత్త ఏరుకునేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, ఇంట్లోంచి గెంటేసిన ముసలివాళ్ళు, మతిస్థిమితం తప్పినవాళ్ళు కూడా ఉంటారు. పని ఉన్నా పడుకునే చోటు లేనివాళ్ళు చాలామంది.

ఐటీ కారిడార్‌లో ఆ రోజులు

హైదరాబాద్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. రెండు రోజులకే మైండ్‌స్పేస్‌లో ఒక బిల్డింగ్ ఖాళీ చేయించి, ఉద్యోగుల్ని ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళ పని ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళ మీద ఆధారపడ్డ టీ బండ్లు, టిఫిన్ సెంటర్లు, కట్టడం పనులు లాక్‌డౌన్‌తో ఆగిపోయాయి. పని చేసే చోటే పడుకునేవాళ్ళకి పని, పడక రెండూ ఒకేసారి పోయాయి.

ప్రభుత్వం కొంత చేసింది. రేషన్ కార్డు లేని వలస కూలీలకు కూడా మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనాన్ని లాక్‌డౌన్‌లో ఉచితంగా పెట్టారు. మే 1న తెల్లవారుజామున దేశంలోనే మొదటి వలస కూలీల రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో సుమారు 1,200 మంది ఉన్నారు. ఊరున్నవాళ్ళు ఊరికి పోయారు. పోవడానికి ఊరు కూడా లేనివాళ్ళు ఇక్కడే మిగిలారు.

గచ్చిబౌలి స్పోర్ట్స్ విలేజ్‌లోని 14 అంతస్తుల టవర్‌ని కొద్ది వారాల్లోనే ‘టిమ్స్’ ఆస్పత్రిగా మార్చారు. పడకలు 1,500. అంటే చికిత్స చేసే చోటు కారిడార్‌లోనే ఉంది. మరి ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్ళకి ఆ దారి ఎందుకు దూరమైంది?

వైద్యం ఎక్కడ తప్పిపోయింది?

మొదటిది హోమ్ ఐసోలేషన్. 2020 ఏప్రిల్ చివర్లో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం, లక్షణాలు తక్కువగా ఉంటే ఇంట్లోనే ఉండవచ్చు. కానీ విడి గది కావాలి, చూసుకునే మనిషి కావాలి, కబురు చెప్పడానికి ఫోన్ కావాలి. ఈ మూడూ లేనివాళ్ళకి ఆ దారి మొదట్లోనే మూసుకుపోయింది.

రెండోది జ్వర సర్వే. 2021 మేలో సిబ్బంది ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడిగి మందుల కిట్లు ఇచ్చారు. చాలా ప్రాణాలకు అక్కరకొచ్చిన పని. అయితే ఇంటి తలుపు కొట్టి చేసే సర్వేలో తలుపు లేనివాళ్ళు చేరాలంటే వాళ్ళని విడిగా వెతకాలి.

మూడోది టీకా. మొదట్లో గుర్తింపు కార్డు, మొబైల్, ఆన్‌లైన్ బుకింగ్ ఉండాలి. 2021 జూన్ 6న హైటెక్స్‌లో ఒక్కరోజే సుమారు 40 వేల మందికి టీకా వేశారు. ముందుగా పేరు నమోదు చేసుకుని, డబ్బు కట్టి వచ్చినవాళ్ళ కోసం పెట్టిన డ్రైవ్ అది. కార్డు లేనివాళ్ళ కోసం కేంద్రం 2021 మే 6న వేరే పద్ధతి ఇచ్చింది. జిల్లా యంత్రాంగం వాళ్ళని గుర్తించాలి, ఒక బాధ్యుడి ద్వారా నమోదు చేయాలి, కార్డు గానీ ఫోన్ గానీ అడగకూడదు. టీకా కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. అంటే ఈ వెసులుబాటు రావడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది.

నాలుగోది మిగతా జబ్బులు. గాంధీ ఆస్పత్రిని కోవిడ్‌కే కేటాయించారు. బీపీ, షుగర్, ఫిట్స్ మాత్రలకు అక్కడి ఓపీ మీద ఆధారపడ్డ పేదలు వేరే చోటుకి పోవాలి. బస్సుల్లేవు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, పక్కన పడుకునేవాళ్ళకీ అంటుకుంటుంది. టీబీ రోగులకు పోషణ కోసం నెలనెలా ఇచ్చే డబ్బు కూడా బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా లేకపోతే అదీ లేదు.

షెల్టర్ కూడా దవాఖానాలాంటిదే

నిద్ర, నీళ్ళు, మరుగుదొడ్డి, మందులు దాచుకునే చోటు లేకుండా ఏ చికిత్సా నిలవదు. షుగర్ రోగికి ఇన్సులిన్ ఇస్తే ఫుట్‌పాత్ మీద ఎండలో ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రతి లక్ష జనాభాకు 24 గంటలు నడిచే ఒక షెల్టర్ ఉండాలంది. ఒక్కోదాంట్లో 50 నుంచి 100 మంది, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2011లోనే గ్రేటర్ జనాభా 67 లక్షలు దాటింది. అంటే కనీసం 67 షెల్టర్లు కావాలి. నగరంలో నడిచినవి దానికి చాలా తక్కువ. మహమ్మారి వచ్చాక మనుషులు ఎడంగా ఉండాలంటే అదే హాలులో ఇంకా తక్కువ మందే పడతారు.

హైదరాబాద్‌కి ఇది కొత్త పాఠం కాదు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని మన పెద్దలు ఇప్పటికీ ‘కోరంటి దవాఖానా’ అంటారు. క్వారంటైన్ అన్న మాటే అలా మారింది. 1908 మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు చూశాక నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలను తీసి కొత్త ఇళ్ళు కట్టించింది. జబ్బుకి, ఇంటికి ఉన్న సంబంధం అప్పుడే అర్థమైంది.

హక్కులు ఏమిటి?

ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స చేయాలి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఇది ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లు ఇద్దరికీ వర్తిస్తుంది.

మతిస్థిమితం లేకుండా తిరుగుతున్న మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం పోలీసుల మీద పెట్టింది.

ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డు కావాలి. కానీ బస్తీ దవాఖానాల్లో డాక్టర్, మందులు, పరీక్షలు ఉచితం. కారిడార్‌లో కొండాపూర్ ప్రభుత్వ ఆస్పత్రి దగ్గర్లో ఉంటుంది.

మీ దారిలో ఒకరు కనిపిస్తే

• ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లర్ నంబరు, పక్కనున్న షాపు పేరు చెప్పండి. అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండండి.
• ముసలివాళ్ళయితే 14567, పిల్లలైతే 1098, ఆడవాళ్ళు ఆపదలో ఉంటే 181. మానసిక సమస్యకు 14416. పోలీసు సాయానికి 112.
• మాస్కు పెట్టుకోండి. మనిషిని లేపేముందు పేరు అడిగి, మర్యాదగా మాట్లాడండి. ‘అన్నా’, ‘చాచా’, ‘అమ్మా’ అని పిలిస్తే సగం భయం పోతుంది.
• దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్షకి తీసుకెళ్ళండి. పరీక్ష, మందులు ఉచితం.
• పాత మందుల చీటీ ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. తడిసి పోయినా మళ్ళీ చూపించవచ్చు.

రెండో వేవ్‌లో రాజేంద్రనగర్‌లో ఒక మసీదునే కోవిడ్ కేర్ సెంటర్‌గా మార్చారు. అంత పెద్ద పని అందరివల్లా కాకపోవచ్చు. కానీ మసీదు కమిటీలు వుజూఖానా నీళ్ళు, మరుగుదొడ్డి వాడుకోనివ్వడం, వారానికోరోజు డాక్టర్‌ని కూర్చోబెట్టడం చేయవచ్చు. రంజాన్‌లో సదఖా లెక్క వేసేటప్పుడు అన్నం ప్యాకెట్లతోపాటు బీపీ మాత్రలు, ఓఆర్ఎస్, దుప్పట్లు కూడా రాసుకుందాం. మీ వార్డులో షెల్టర్ ఎక్కడుందో, ఎన్ని పడకలున్నాయో కార్పొరేషన్ ఆఫీసులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. జబ్బు ఊరంతా పాకాక అడిగితే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.